ఏకపాత్ర రూపకమున శ్రోత స్థానము: ప్రావిన్స్‌టౌన్ తీరమున ఓనీల్ ప్రయోగము

రంగస్థలముపై ఒక్కరే నిలిచి మాటలాడునపుడు ఆ మాట ఎవరిని ఉద్దేశించినది? ఏకపాత్ర రూపకమును గూర్చిన చర్చలో మొదట తేల్చవలసిన ప్రశ్న ఇది. దీనికి భారతీయ లాక్షణికులు ఒక సమాధానము చెప్పిరి. మన దేశ్య ప్రదర్శన కళలు వేఱొక సమాధానము చూపినవి. 1916లో అమెరికా తూర్పుతీరమున ఒక బెస్తపల్లెలో వేసవి గడపుటకు చేరిన రచయితల నడుమ మఱియొక సమాధానము రూపొందినది. యూజీన్ ఓనీల్ (1888–1953) వ్రాసిన 'బిఫోర్ బ్రేక్‌ఫాస్ట్', అనగా 'ఉపాహారమునకు ముందు', అను ఏకాంకిక ఆ సమాధానమునకు రూపము. దాని పుట్టుకను, నిర్మాణమును, తరువాతి ఫలితమును పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. పూర్వరంగము

దశరూపకములలో ఒక్క పాత్రతో నడచునది భాణము. తన అనుభవమును చెప్పుకొనుట, ఇతరుల వృత్తాంతమును వర్ణించుట అని భరతుడు దానిని రెండు విధములుగా విభజించెను. పదవ శతాబ్దికి చెందిన ధనంజయుడు తన దశరూపకమున దీని లక్షణమును మఱింత స్పష్టపఱచెను. అంకము ఒక్కటి, మాటలాడువాడు విటుడు, ఎదుటివారితో సంభాషణము ఆకాశభాషితముచే జరుగవలెను. విటుడు వీథిలో నడచుచు కనబడని మనుష్యుని పలుకరించును. చెవియొగ్గి విన్నట్లు అభినయించును. 'కిం బ్రవీషి', అనగా 'ఏమంటివి?', అని అడిగి, ఆ మనుష్యుడు పలికినట్లు భావింపదగిన మాటను తానే మరల చెప్పి, దానికి బదులిచ్చును. శ్రోతకు దేహము లేదు గాని మాట కలదు. ప్రేక్షకునకు ఇరుపక్షముల వాదమును వినబడును.

'చతుర్భాణి' అను పేర ప్రసిద్ధములైన నాలుగు ప్రాచీన భాణములను 1922లో తొలిసారి ముద్రణమునకు తెచ్చిన ఇరువురిలో ఒకరు తెలుగువారైన మానవల్లి రామకృష్ణకవి. ఆ ప్రచురణము తరువాతనే ఈ ప్రక్రియ యొక్క ప్రాచీన స్వరూపము ఆధునిక పండితులకు చక్కగా తెలియవచ్చినది. ఆ భాణములను చదువునపుడు ఒక్క నటుని నోట ఒక నగరవీథి యంతయు పలుకుచున్నట్లు తోచును.

తెలుగునాట హరికథ మఱియొక మార్గము. విజయనగరమున ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తీర్చిదిద్దిన ఈ కళలో కథకుడు అన్ని పాత్రలను తానే ధరించును. కాని పాత్రకును పాత్రకును నడుమ కథకుడుగా సభకు ఎదురుగా నిలుచును. ఇచట శ్రోత సభయే. పాఠశాలల వార్షికోత్సవములలోను, నాటక పోటీలలోను మనము చూచు ఏకపాత్రాభినయము వీనికంటె భిన్నము. దుర్యోధనుడో, కాటిసీనులోని హరిశ్చంద్రుడో ఒక పెద్ద నాటకమునుండి విడివడి వచ్చి పద్యము చదివి, ప్రసంగించి వెడలిపోవును. అట్టి అభినయమున శ్రోత ఎవరన్న ప్రశ్న తఱచుగా తేలకయే నిలిచిపోవును. గాత్రము, ఆహార్యము ఆ లోపమును కప్పివేయును.

ఈ మార్గములన్నింటను ఎదుటివాని మాట నటుని నోట వినబడును, లేదా ఎదుటివాడే ఉండడు. ఎదుటివాడు నిజముగా ఉండి, అతని మాట మాత్రము ఎచటను వినబడకుండిన ఏమగును? ఓనీల్ పరీక్షించినది దీనినే.

2. చేపల కొట్టులో నాటకశాల

మాసచూసెట్స్ రాష్ట్రమున కేప్ కాడ్ అను భూనాసిక సముద్రములోనికి చొచ్చుకొనిపోయి యున్నది. దాని కొనయందలి ఊరు ప్రావిన్స్‌టౌన్. పోర్చుగీసు సంతతివారైన జాలరులకు అది నివాసము. 1899లో చార్లెస్ హాథార్న్ అచట చిత్రకళాశాలను నెలకొల్పిన పిమ్మట చిత్రకారులు వేసవి నివాసమునకు రాసాగిరి. వారి వెంట రచయితలు వచ్చిరి. మద్రాసు చెంత బంగాళాఖాతము ఒడ్డున కె. సి. ఎస్. పణిక్కర్ నాయకత్వమున 1966లో ఏర్పడిన చోళమండల కళాకారుల గ్రామమును ఎఱిగినవారికి ఇట్టి సహనివాసము యొక్క స్వభావమును వివరింపనక్కఱలేదు. అయితే ప్రావిన్స్‌టౌన్‌లో 1915 వఱకు నాటకమునకు ప్రత్యేకమైన స్థానమేమియు లేదు.

1915 జులై 15వ తేదీ రాత్రి హచిన్స్ హాప్‌గుడ్, నీత్ బాయిస్ దంపతుల ఇంట రెండు ఏకాంకికలు ఆడిరి. మొదటి దానికి వసారాయే రంగము, వెనుక సముద్రము. రెండవదానికి ప్రేక్షకులు తమ కుర్చీలను వెనుకకు త్రిప్పుకొనిరి. వారు కూర్చున్న గదియే రంగమైనది. తెర లేదు, వేదిక లేదు. నాటక రచయితలు, నటులు, ప్రేక్షకులు అందఱును ఒకరినొకరు ఎఱిగినవారే. పిమ్మట మేరీ హీటన్ వోర్స్ అను రచయిత్రికి చెందిన లూయిస్ రేవుకట్టపైనున్న పాత చేపల కొట్టును వారు నాటకశాలగా మార్చుకొనిరి. కూర్చుండుటకు బల్లలు వేసిరి. వెనుకనున్న పెద్ద తలుపును తెఱచినచో సముద్రమే రంగాలంకారమగును. పోటు సమయమున నీరు నేలపలకల క్రిందికి వచ్చి చప్పుడు చేయును.

1916 వేసవిలో ఓనీల్ అచటికి వచ్చెను. అప్పటికి అతని నాటకమేదియు ప్రదర్శింపబడలేదు. జులై 28న ఆ కొట్టులో 'బౌండ్ ఈస్ట్ ఫర్ కార్డిఫ్' అను అతని ఏకాంకిక ఆడిరి. ఓడలో మరణశయ్యపైనున్న నావికుని కథ అది. ఓనీల్ స్వయముగా ఒక చిన్న పాత్ర ధరించెను. ఆగస్టు 8న అదే స్థలమున సూసన్ గ్లాస్పెల్ వ్రాసిన 'ట్రైఫిల్స్' ప్రదర్శింపబడినది. ఖాళీగానున్న ఆ చిన్న వేదిక ఎదుట కూర్చుండి చూచుచుండగా అది వంటగదిగా మాఱి నాటకము తోచినదని ఆమె తరువాత వ్రాసికొనెను. భర్తను చంపిన నేరము మోపబడిన మిన్నీ రైట్ ఆ నాటకమునకు కేంద్రము. కాని ఆమె ఒక్క మాఱైనను రంగముపైకి రాదు. ఆమె విడిచిన వంటసామాగ్రిని, కుట్టుపనిని చూచి ఇరుగుపొరుగు స్త్రీలు ఆమె బ్రతుకును చదివెదరు.

రంగమున లేని వ్యక్తియే నాటకమునకు ఆయువుపట్టు కావచ్చునని ఆ వేసవిలో ఆ కొట్టులో కూర్చున్న వారందఱు చూచిరి. 'ఉపాహారమునకు ముందు' ఆ వేసవియందు ప్రావిన్స్‌టౌన్‌లోనే వ్రాయబడినది. గ్లాస్పెల్ రచన ఓనీల్‌కు మూలమని నిర్ధారించుట సాహసమగును. స్వీడిషు నాటకకర్త స్ట్రిండ్‌బర్గ్ 1889లో వెలువరించిన 'ది స్ట్రాంగర్' అంతకుముందే ఉన్నది. అందు ఇద్దఱు స్త్రీలలో ఒకరు మాటలాడుదురు, ఇంకొకరు మౌనముగా విందురు. స్ట్రిండ్‌బర్గ్‌కు తాను ఋణపడియున్నట్లు ఓనీల్ 1936లో నోబెల్ బహుమతి సందర్భమున బహిరంగముగా చెప్పెను. అయినను స్ట్రిండ్‌బర్గ్ నాటకమున మౌనవతి మన కన్నులయెదుట కూర్చుండియే యుండును. ఓనీల్ ఆమె స్థానమునందలి వ్యక్తిని తలుపు వెనుకకు పంపెను. చూపునకు అందని వ్యక్తికి రంగమున ఎంత బలముండునో అతడు అదే తీరమున కన్నులార చూచియుండెను.

3. రూపక నిర్మాణము

న్యూయార్కు నగరమున క్రిస్టఫర్ వీథిలో ఒక చిన్న వాటా. వంటకును భోజనమునకును ఒకటే గది. ప్రొద్దున ఎనిమిదిన్నర వేళ. మిసెస్ రోలండ్ అను స్త్రీ లేచి వచ్చును. వయస్సు ఇరువది దాటి ఎంతయో కాలేదు. కాని అంతకు మించినదానివలె కనబడును. దాచియుంచిన జిన్ను సీసా తీసి ఒక గ్రుక్క త్రాగును. భర్త దుస్తులలో ఒక ఉత్తరము దొరకును. పడకగదిలో గడ్డము గీసికొనుచున్న భర్త ఆల్ఫ్రెడ్‌తో ఆమె అచటినుండియే మాటలాడుట ఆరంభించును. అతడు ఒక్క మాటయు పలుకడు.

కథ యంతయు ఆమె నోటనే తెలియవలెను. ఆల్ఫ్రెడ్ ధనవంతుని ఏకైక పుత్రుడు, హార్వర్డులో చదివినవాడు, కవి. ఆమె పచారీ కొట్టువాని కూతురు. గర్భవతియైన ఆమెను అతడు వివాహమాడెను. శిశువు మృతశిశువుగా పుట్టినది. అతని తండ్రి మరణించెను, మిగిలినవి అప్పులు. ఇపుడు హెలెన్ అను మఱియొక యువతి అతని వలన గర్భవతియైనట్లు ఉత్తరమువలన తెలియుచున్నది. ఇవన్నియు ఆమె దెప్పుచు, నిందించుచు, నడుమ కాఫీ కాచుచు, ఇల్లు ఊడ్చుచు చెప్పును.

భాణముతో పోల్చినపుడు ఇచటి విశేషము స్పష్టమగును. విటుడు 'ఏమంటివి?' అని అడుగును. ఈమె అట్లు అడుగదు. ఆమెకు ప్రత్యుత్తరము అందుచుండును. అది మాటగా కాక చూపుగా, ముఖవైవర్ణ్యముగా అందుచుండును. తలుపులోనుండి తొంగిచూచి అతని ముఖము పాలిపోయినదనియు, చేయి వణకుచున్నదనియు ఆమె పలుకును. ఆకాశభాషితమునకు బదులు ఓనీల్ కల్పించినది మౌనభాషితమని చెప్పవచ్చును. భాణమున ఎదుటివాని పలుకులు నటుని నోట చేరి సంభాషణమగును. ఇందు ఎదుటివాని మౌనము నటి మాటచే మఱింత గాఢమగును.

అతని దేహమున ప్రేక్షకునకు కనబడునది ఒక్క చేయి మాత్రమే. వేడినీళ్ళ గిన్నె నందుకొనుటకు అది తలుపు చాటునుండి వెలుపలికి వచ్చును. సున్నితమైన, సన్నని వ్రేళ్ళు గల చేయి అని రంగసూచన. అది వణకును, కొంత నీరు నేలపై చిందును. చేయి కనబడినందున దీనిని ఏకపాత్ర రూపకమని అనవచ్చునా అను శంక కలుగవచ్చును. పాత్రత్వమునకు వాచికము ప్రధానమని గ్రహించినచో అనవచ్చును. అంతేకాదు, ఆ చేయి లేనిచో ఆమె శూన్యమును తిట్టుచున్నదని ప్రేక్షకుడు భ్రమింపవచ్చును. వినువాడు కలడు, మనుష్యుడు, బాధపడుచున్నాడు అని స్థాపించుటకు ఆ ఒక్క క్షణము చాలును.

ఆపై లోపలినుండి ఒక మూలుగు; గడ్డము గీసికొనుచు కోసికొన్నాడని ఆమె తలచును. మాట సాగును. కొంతసేపటికి నీటిబొట్లవలె ఏదియో కాఱుచున్న చప్పుడు. కుర్చీ పడిన శబ్దము. ఆమె తలుపుకడ నిలిచి చూచి కేకవైచి వెలుపలికి పరుగిడును. అతడు క్షౌరపు కత్తితో కంఠము కోసికొన్నాడు. నాటకమంతటను అతడిచ్చిన ప్రత్యుత్తరము అదొక్కటే.

4. న్యాయమెవరి పక్షము?

ఈ రూపకమును పఠించిన విమర్శకులు మిసెస్ రోలండ్‌ను గయ్యాళిగా చిత్రించుట పరిపాటి. సున్నితహృదయుడైన కవిని నోటితో చంపిన స్త్రీ అని వారి తీర్పు. ఓనీల్ సానుభూతియు అటే మొగ్గినదని రంగసూచనలు చెప్పకయే చెప్పుచున్నవి. ఆమె రూపమును వర్ణించునపుడు అవి కఠినములు, అతని చేతిని వర్ణించునపుడు మృదువులు. 1912లో తాను స్వయముగా ఆత్మహత్యకు యత్నించిన రచయితకు తలుపు వెనుకనున్న వానిపై మమకారముండుట సహజము.

అయితే ప్రక్రియ రచయిత పక్షపాతమును మించిపోయినది. ఏకపాత్ర రూపకమున మాటలాడువారే మనకు లభించిన ఏకైక సాక్షి. ఆమె మాటలనే సావధానముగా వినినచో ఇల్లు గడుచుటకై ఆమె పడు శ్రమ, చనిపోయిన శిశువు, తనను హీనముగా చూచిన అత్తవారి వంశము, మఱియొక స్త్రీకి వ్రాయగల ప్రేమను తనకు చూపని భర్త, అన్నియు అందే వినబడును. అతని మౌనమును సౌకుమార్యమని గ్రహించుటకు ఎంత అవకాశము కలదో, బాధ్యతనుండి తప్పుకొనుట అని గ్రహించుటకును అంతే కలదు. భాణమున విటుడు ఎదుటివాని మాట తానే పలుకుటవలన కొంత న్యాయము అందులోనే జరుగును. ఇచట ఎదుటివాని పక్షము వినబడకపోవుటచే ప్రేక్షకుడే ఆ పక్షమును పూరింపవలెను. అతడు దేనితో పూరించునో అది అతని స్వభావమును తెలుపును. కావున ఈ నాటకమును చూచి వెడలువారిలో ఇద్దఱి తీర్పు ఒకటిగా నుండదు.

5. అభ్యాసము, ప్రదర్శనము

1916 సెప్టెంబరులో ఈ బృందము 'ప్రావిన్స్‌టౌన్ ప్లేయర్స్' అను పేరుతో నియమబద్ధమైన సంస్థయైనది. నాటకముల ఎంపికలో వ్యాపారలాభమును లెక్కింపరాదనియు, రచయిత తన నాటకమును తన భావన ననుసరించి ఆటంకము లేక ప్రదర్శించుకొనవచ్చుననియు వారు తీర్మానించుకొనిరి. నవంబరులో న్యూయార్కునందలి మెక్డూగల్ వీథిలో నాటకశాల తెఱచిరి. డిసెంబరు 1న 'ఉపాహారమునకు ముందు' ప్రదర్శింపబడినది. మేరీ పైన్ మిసెస్ రోలండ్ పాత్ర ధరించెను. తలుపు చాటునుండి వచ్చిన చేయి ఓనీల్‌దే. నటుడుగా అతడు రంగమెక్కుట అదియే కడసారి.

అభ్యాస సమయమున జరిగిన ఒక ఘట్టమును జీవితచరిత్రకారులు నమోదు చేసిరి. ఓనీల్ తండ్రి జేమ్స్ ఓనీల్ 'మాంటిక్రిస్టో' నాటకమును వేలకొలది పర్యాయములు ఆడి ప్రసిద్ధి కెక్కిన నటుడు. అతడు అభ్యాసమునకు వచ్చి, నటికి పూర్వపద్ధతియందలి హస్తచాలనమును, స్వరోద్ధతిని నేర్పబూనెను. కుమారునకు అది రుచింపలేదు. పెద్ద నాటకశాలలో వేయిమందిని ఉద్దేశించి పలుకుటకు తండ్రి శిక్షణము తగినది. తలుపు వెనుకనున్న ఒక్కని ఉద్దేశించి పలుకుటకు అది తగదు. తండ్రీకొడుకుల అభిప్రాయభేదమునకు మూలము అభిరుచియే కాదు. శ్రోత ఎవరన్న విషయమున వారి అవగాహన వేఱు. ఒక్కరి మాటను ప్రేక్షకులు ఎంతసేపు సహింతురో తెలిసికొనుటకే ఓనీల్ ఈ నాటకమును ప్రయోగముగా తలచినట్లు అతని సహచరులు చెప్పిరి. అట్టి పరీక్షకు టిక్కెట్టు రాబడిపై బ్రతుకు నాటకశాల చోటీయజాలదు. చేపల కొట్టులో మొదలైన స్నేహబృందము చోటిచ్చినది.

6. తరువాతి మార్గము

ఈ పరీక్షాఫలము నాలుగేండ్లకు కనబడినది. 1919లో ఓనీల్‌కు వివాహకానుకగా తండ్రి ప్రావిన్స్‌టౌన్ ఆవలి ఇసుకతిన్నెలలో పీక్డ్ హిల్ బార్స్ అను చోటనున్న పాత ప్రాణరక్షక కేంద్రమును కొనియిచ్చెను. ఓడలు బద్దలైనపుడు నావికులను రక్షించుటకు కట్టిన ఆ ఇంటిలో 1920లో అతడు 'ది ఎంపరర్ జోన్స్' వ్రాసెను. (1931లో ఆ ఇల్లు సముద్రగర్భమున కలిసినది.) ఎనిమిది దృశ్యముల ఈ నాటకమున మొదటిదియు కడపటిదియు తప్ప తక్కిన ఆఱింటను దాదాపుగా ఒక్క బ్రూటస్ జోన్సే మాటలాడును. పదవీభ్రష్టుడై అడవిలో పరుగిడుచున్న అతనికి శ్రోత ఎవరు? దూరమున మ్రోగు డోలు. అది నాడి కొట్టుకొను వేగముతో, నిమిషమునకు 72 దెబ్బలతో మొదలై క్రమముగా హెచ్చును. తలుపు వెనుకనున్న మౌనమునకు ఇచట డోలు ప్రతినిధి. అది జోన్సు మాటను వినుచు, వెంటాడుచు, చివరకు అతని మరణముతో ఆగును.

ఆ పాత్రను 1920 నవంబరు 1న నల్లజాతి నటుడు చార్లెస్ గిల్పిన్ ధరించి గొప్ప కీర్తి గాంచెను. అయితే నాటకమున పలుమాఱు వచ్చు జాతిదూషణపదమును పలుకుటకు అతడు ఇష్టపడక ప్రదర్శనములలో దానిని మార్చుచు వచ్చెను. ఓనీల్ దీనికి అంగీకరింపలేదు. 1924లో ఆ పాత్ర పాల్ రోబ్సన్‌కు చెందినది. ఏకపాత్ర రూపకమున నటుడు ఒంటరిగా ఒకరి మాటలను మోయవలెను. ఆ మాటలు తన జాతిని అవమానించునవైనపుడు వానిని మోయుటకు నిరాకరించు హక్కు నటునకు కలదా అను ప్రశ్న నేటికిని సజీవము. తన నాటకమును తన ఇచ్ఛ ప్రకారము ప్రదర్శించుకొను స్వేచ్ఛను రచయితకిచ్చిన బృందము, నటుని స్వేచ్ఛను గూర్చి అంత ఆలోచించినట్లు కనబడదు.

1941 ప్రాంతమున వ్రాసిన 'హ్యూయీ'లో ఓనీల్ ఈ మార్గము చివరి మెట్టు చేరెను. ఒక జూదరి నడిరాత్రి హోటలు గుమాస్తాతో మాటలాడుచుండును. గుమాస్తా ఎదుటనే యున్నాడు, అపుడపుడు ముక్తసరిగా బదులిచ్చును, కాని వినడు. అతని మనస్సునందలి ఆలోచనలను రచయిత దీర్ఘములైన రంగసూచనలలో వ్రాసెను. ఏ నటుడును వానిని పలుకలేడు. ఆ నాటకము రచయిత మరణానంతరము 1958లో స్టాక్‌హోమ్‌లో ప్రథమముగా ఆడబడినది. తలుపు వెనుక వినుచు మరణించిన శ్రోతతో మొదలైన ప్రయోగము, ఎదుట కూర్చుండియు వినని శ్రోతతో ముగిసినది.

7. ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలునది ఇది. ఏకపాత్ర రూపకమున పాత్ర ఒక్కటియే అనుట నటుల లెక్కను బట్టి చెప్పుమాట. రచనలో రెండవ పాత్ర ఎల్లపుడును కలదు, అది వినువాడు. భాణము వానికి మాటనిచ్చినది. హరికథ వానిని సభలో కూర్చుండబెట్టినది. ఓనీల్ వానిని మౌనమున నిలిపెను. వాని స్థానమును నిర్ణయింపని రచన ప్రసంగమగును గాని రూపకము కాజాలదు.

తెలుగున ఏకపాత్రాభినయమునకు విశేషమైన ఆదరణ కలదు. అందులకై స్వతంత్రముగా వ్రాయబడిన రూపకములు మాత్రము స్వల్పము. నటుని కంఠబలమును ప్రదర్శించు పద్యములను ఏర్చికూర్చుట సులభము. ఈ మాట ఎవరు వినుచున్నారు, వారు ఏల బదులీయకున్నారు అని మొదట నిశ్చయించుకొని వ్రాయుట కష్టము. విటుని ఆకాశభాషితము మన భాండాగారముననే యున్నది. మెక్డూగల్ వీథి నాటకశాలలో తలుపు చాటునుండి వచ్చి నీళ్ళగిన్నె నందుకొన్న ఆ వణకుచేయి దానికి దూరపు చుట్టము. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదువుట ఈ ప్రక్రియను చేపట్టువారికి ప్రయోజనకరము.